నేర్పినవారి పేరు

"సిస్టర్ గారూ, వీళ్లకి కాస్త అన్నీ చూపించండి" అన్నారు ఆసుపత్రి యజమాని డాక్టర్ కాశీవిశ్వనాథం గారు, నడక ఆపకుండానే.

ఆయన వెనకే వచ్చిన ముగ్గురు విద్యార్థులు కారిడార్‌లో ఆగిపోయారు. మెడలో కొత్త ఐడీ కార్డులు, చేతుల్లో కొత్త డైరీలు, ఎక్కడ నిలబడాలో తెలియని ఇబ్బంది ముఖాల్లో. విజయకుమారి చేతిలో ఉన్న కేసుషీటు మూసి, "ఆయ్, అలాగేనండి" అంది. ఆ మాట అనడం ఆమెకి అది పదకొండోసారి. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చదివే పిల్లల్ని యూనివర్సిటీ ఏటా జూన్‌లో అమలాపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి పంపిస్తుంది, మూడు నెలలుండి పని నేర్చుకోమని. పుస్తకంలో చదివితే రాదు, స్వయంగా చేస్తేనే వస్తుందని వాళ్ల నమ్మకం. నిజమే. అయితే ఆ చేయించేది ఎవరని యూనివర్సిటీ ఏనాడూ అడగలేదు, ఆసుపత్రి ఏనాడూ చెప్పలేదు.

డాక్టరుగారి 'కాస్త' అంటే మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఆమె డ్యూటీ ఎనిమిది నుంచి నాలుగు దాకా కాదు, ఆరున్నర దాకా. పగలంతా వార్డు పని సరిపోతుంది, పిల్లల అనుమానాలు నాలుగింటికి మొదలవుతాయి. ఆ 'కాస్త' విజయకుమారికి ఇంట్లోనూ అలవాటే. పెళ్లై అల్లవరం కాపురానికి వచ్చిన మర్నాడు అత్తగారు "కాస్త ఆ నీళ్ల పని చూడమ్మా" అన్నారు. ఇరవై నాలుగేళ్లైంది, ఆ నీళ్ల పని ఇంకా పూర్తి కాలేదు. మొగుడు ఎలీషా బీఎడ్ చదివేటప్పుడు "నీ దస్తూరీ బాగుంటుంది, కాస్త రికార్డు రాసిపెట్టు" అన్నాడు. ఆమె నైట్ డ్యూటీ దిగి వచ్చి, కళ్లు మండుతుండగా, అతని పాఠ్యప్రణాళికలన్నీ రాసింది, మ్యాపులు గీసింది. ఎమ్మెడ్‌కీ అంతే. ఇప్పుడు వాళ్లింటి గేటు మీద నల్లరాతి పలక ఉంది: కె. ఎలీషా, ఎం.ఏ., ఎం.ఎడ్., ప్రధానోపాధ్యాయులు. ఆ పలకని ఆదివారం ఆదివారం తడిగుడ్డతో తుడిచేది కూడా ఆమే. నర్సింగ్ డిప్లొమా మీద డిగ్రీ చేస్తానని తను ఒక్కసారి అడిగింది, ముప్పై నాలుగేళ్ల వయసులో. "ఇంట్లో ఒకళ్లు చదివితే చాలదా?" అన్నాడు ఎలీషా నవ్వుతూ. "ఇద్దరూ పుస్తకాలు ముందేసుక్కూర్చుంటే పొయ్యి దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అన్నారు అత్తగారు, ఆవిడ నవ్వకుండా. నవ్వుతూ అన్నవాళ్లకి జవాబు చెప్పడం మరీ కష్టమని విజయకుమారికి ఆ రోజే తెలిసింది.

ఆమె మొదటి అంతస్తు నర్సింగ్ ఇన్‌ఛార్జి. పిల్లలకి నేర్పడంలో ఆమె పద్ధతి ఆమెది. మొదటి రోజు ఆఫీసులోకి రానివ్వదు. ఆయా అప్పాయమ్మ వెంట పంపిస్తుంది. ఏ రంగు సంచిలో ఏ చెత్త వెయ్యాలో, ఉతుక్కొచ్చిన దుప్పట్లలో ఎన్ని తక్కువొచ్చేయో, ఏ మంచం చక్రం తిరగదో అప్పాయమ్మకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రెండో రోజు ఒక్కొక్కళ్లనీ ఒక్కో రోగి పక్కన కూర్చోబెడుతుంది. "డాక్టరుగారు ఇంటికెళ్లొచ్చు అన్న నిమిషం రాసుకోండి. ఆ మనిషి ఆటో ఎక్కిన నిమిషం రాసుకోండి. మధ్యలో ఎవరి కోసం, ఎంతసేపు కాచుకున్నారో రాయండి. మీరు లేచి పని చేయించకూడదు, వాళ్లతోపాటే కూర్చోవాలి" అంటుంది.

ఆ ఏడు వచ్చిన ముగ్గురిలో సత్యదుర్గ అనే అమ్మాయిది సఖినేటిపల్లి. వాళ్ల నాన్న రేవులో పడవ నడిపేవాడు. ఆ పిల్ల రెండో అంతస్తులో నరసాపురం నుంచి వచ్చిన ఒక ముసలావిడ పక్కన కూర్చుంది. డాక్టరు ఇంటికెళ్లొచ్చన్నది తొమ్మిదీ ఇరవైకి. ఫైలు పదకొండింటిదాకా బల్ల మీదే ఉంది. మిగిలిన మందులు ఫార్మసీకి తిప్పి పంపేసరికి ఒంటిగంట. ల్యాబ్ నుంచి ఒక సంతకం రావాలి, ఆ మనిషి భోజనానికి వెళ్లేడు. ఆవిడ ఆసుపత్రి గుమ్మం దిగేసరికి నాలుగూ పది.

మర్నాడు సత్యదుర్గని విజయకుమారి మొదటి అంతస్తులో, తన వార్డులో కూర్చోబెట్టింది. అక్కడ రోగి రెండు గంటల్లో ఆటో ఎక్కేశాడు.

"ఇదెలాగండీ సిస్టర్ గారూ? ఆసుపత్రి ఒకటే, ఫార్మసీ ఒకటే కదండీ" అంది ఆ పిల్ల.

"రేపు ఎవరు వెళ్తారో ఈ సాయంత్రమే డాక్టర్లని అడిగేస్తామమ్మా. మందులు ముందురోజే తిప్పేస్తాం. పొద్దున్న రౌండ్లకి ముందే బిల్లు తయారుగా ఉంటుంది. అంతే. ఇందులో పెద్ద విద్య ఏం లేదు."

"మరి పైన ఎందుకు చెయ్యరండీ?"

విజయకుమారి తర్వాతి కేసుషీటు తీసుకుంది. పైన చేయించాల్సింది ఆపరేషన్స్ మేనేజరు. ఆయన పేరు వీరవెంకటరమణ. ఏడేళ్ల కిందట ఇదే కారిడార్‌లో, ఇలాగే కొత్త ఐడీ కార్డుతో నిలబడిన విద్యార్థి. పసుపు సంచికీ ఎరుపు సంచికీ తేడా తెలియక మొదటి వారం అప్పాయమ్మ చేత చీవాట్లు తిన్నాడు. హాస్టల్ తిండి పడక కడుపునొప్పంటే విజయకుమారి రెండు నెలలు తన క్యారియర్‌లో అతనికీ అన్నం తెచ్చింది. అతని చదువవగానే మేనేజరు పోస్టు ఖాళీ అయితే ఆమె డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, ఆ పని నేను చూసుకుంటానండీ అని అడిగింది. "మీకు అనుభవం ఉందమ్మా, కాదనను. కానీ పీజీ ఉండాలి కదా" అన్నారాయన. ఆ పీజీకి పని నేర్పింది నేనే కదండీ అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. చేరిన నెలకి రమణ ఆమెకి మెమో ఇచ్చాడు, డ్యూటీకి ఎనిమిది నిమిషాలు ఆలస్యమని. ఆ పొద్దున్న ఆమె ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలోంచి కాలు విరిగిన మనిషిని స్ట్రెచర్ మీదికి దింపించి, ఆ తర్వాత వచ్చి హాజరు మెషీన్ మీద వేలు పెట్టింది. 'సిస్టర్ గారూ' అనే పిలుపులోంచి 'గారు' ఊడిపోయింది కూడా ఆ నెలలోనే.

జూలై చివర్లో రమణ వచ్చి ఆమె నోటుపుస్తకాలు అడిగాడు. మూడు లాంగ్ నోటుబుక్కులు. పదకొండేళ్లుగా పిల్లలకి చెప్పేవన్నీ ఆమె వాటిలో రాసుకుంటూ వచ్చింది. డిశ్చార్జి పద్ధతి, ఆక్సిజన్ సిలిండర్లు అయిపోకుండా చూసుకునే తీరు, వరదలొచ్చినప్పుడు గోదావరి లంకల్లోని నిండు గర్భిణుల్ని ముందుగా గట్టుకి చేర్చడానికి ఏం చెయ్యాలో, ఏ లంకకి ఎవరి పడవ పిలవాలో. "పిల్లల కోసం జిరాక్స్ తీయిస్తాను సిస్టర్" అన్నాడు. ఇచ్చింది.

పది రోజుల తర్వాత సత్యదుర్గ చేతిలో కొన్ని కాగితాలతో వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"సిస్టర్ గారండీ, రమణ సార్ నాకు ప్రాజెక్టు వర్కని టైపింగ్ ఇచ్చేరండి. మీ పుస్తకాలే. మొత్తం అయిపోయింది. నిన్న అట్ట పేజీ ఇచ్చేరు." ఆ కాగితం బల్ల మీద పెట్టింది.

ఆసుపత్రి నిర్వహణ: శిక్షణ కరదీపిక. రచన: వీరవెంకటరమణ, ఆపరేషన్స్ మేనేజర్. మార్గదర్శనం: డాక్టర్ కాశీవిశ్వనాథం.

విజయకుమారి మిగతా కాగితాలు కూడా తీసుకుని తిప్పి చూసింది. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది, 'సహకరించిన నర్సింగ్ సిబ్బందికి కృతజ్ఞతలు' అని. సిబ్బంది అట. సిబ్బందికి పేరుండదు, దస్తూరీ ఉండదు, పదకొండేళ్ల సాయంత్రాలుండవు. వంటింట్లో ఉన్నది ఎవరని చుట్టాలడిగితే 'మావాళ్లు' అంటారు చూడు, అలాగ. ఆమెకి ముందు కోపం రాలేదు. సిగ్గేసింది, ఏదో తనే తప్పు చేసినట్టు. నడి వార్డులో ఎవరో వెనకనించి తన చీర కొంగు లాగినట్టనిపించింది. సిగ్గుపడాల్సింది తను కాదు కదా అన్న ఆలోచన ఆ తర్వాత నెమ్మదిగా వచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. అది వచ్చాక మరి వెళ్లలేదు.

"నేను మార్చమని అడిగేనండి" అంది సత్యదుర్గ మెల్లిగా. "నా సర్టిఫికెట్ మీద సంతకం ఆయనదేనన్నారండి."

"నువ్వేం అనకమ్మా. నీ చదువు పాడు చేసుకోకు."

ఆ సాయంత్రం ఇంట్లో ఎలీషాతో చెప్పింది. అతను పేపరు మడిచి పక్కన పెట్టి, స్కూల్లో పిల్లల గొడవ తీర్చినట్టు, రెండు వైపులా విన్నవాడిలా తలాడించాడు. "పేరుదేముంది విజయా? నలుగురికీ ఉపయోగపడుతోంది కదా. దేవుడు చూస్తున్నాడు" అన్నాడు. విజయకుమారి కూరగాయలు తరుగుతోంది. పేరుదేముంది అన్న మనిషి పేరు గేటు మీద రాతిలో చెక్కి ఉంది. ఆ పేరు పక్కనున్న రెండు డిగ్రీలూ తన చేతిరాత. దేవుడు చూస్తున్నాడు, నిజమే, ఇరవై నాలుగేళ్లుగా ఆయన చూస్తూనే ఉన్నాడు, వీళ్లు చూడొద్దూ? దేవుడి లెక్కలోకి నెట్టేసినవన్నీ ఆడవాళ్ల పనులే ఎందుకయ్యాయి? ఈయన జీతం, ఈయన ప్రమోషను, ఈయన ఇంక్రిమెంట్లు మాత్రం దేవుడికి వదలకుండా ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరిగి మరీ సాధించుకున్నాడు. బెండకాయ ముక్కలు పెద్దవైపోతున్నాయని చూసుకుని కత్తి కింద పెట్టింది.

ఆగస్టు రెండో వారంలో యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. ఆసుపత్రిని శిక్షణ కేంద్రంగా గుర్తించాలా వద్దా తేల్చడానికి ముగ్గురు, వాళ్లకి పెద్ద ప్రొఫెసర్ సూర్యావతి గారు. గుర్తింపు వస్తే ఏటా ముప్పై మంది విద్యార్థులు, ఫీజులు, పేపర్లో ఫొటో. రమణ ముందురోజే అందరికీ పనులు పంచాడు. విజయకుమారి దగ్గరికి వచ్చి, "సిస్టర్, పూతరేకులు తెప్పించేను. ప్లేట్లూ కాఫీలూ మీరు చూసుకోండి. మీరైతే నీటుగా ఉంటుంది" అన్నాడు.

మీటింగు గదిలో ఆమె ప్లేట్లు పెట్టింది. కాఫీలు అందించింది. తర్వాత వార్డుకి వెళ్లిపోకుండా తలుపు పక్కన నిలబడింది. ఎందుకు నిలబడిందో అప్పటికి ఆమెకే తెలియదు.

రమణ తెర మీద బొమ్మలు చూపిస్తూ బాగానే మాట్లాడాడు. సూర్యావతి గారు ఎదురుగా ఉన్న కరదీపిక పేజీలు తిప్పుతూ వింటున్నారు. ఒకచోట ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈ వరదల భాగం చాలా బాగుందండీ. నేను ఎక్కడా చూడలేదు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక రాగానే కాన్పులకి ఎనిమిది మంచాలు ఖాళీగా ఉంచాలని రాశారు. ఎనిమిదే ఎందుకు? ఎలా లెక్క కట్టారు?"

రమణ నవ్వాడు. పేజీ వైపు చూశాడు. డాక్టరుగారి వైపు చూశాడు. ఆ తర్వాత, అన్నం తింటూ నీళ్లగ్లాసు కోసం వెనక్కి చెయ్యి చాచే మగవాడిలా, తలుపు వైపు తిరిగాడు.

"సిస్టర్ గారూ, మేడమ్‌కి కాస్త చెప్పండి."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. డాక్టరుగారు చెప్పమన్నట్టు తల ఊపారు. జవాబు ఆమెకి తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. పదకొండేళ్లుగా ఇలాంటి చోట్ల నోరు తెరిచి చెప్పడమే, చెప్పి వెనక్కి జరిగి నిలబడటమే.

"ఆ పుస్తకం నేను రాశానండి" అంది విజయకుమారి, సూర్యావతి గారితో. "మీరు నన్నడిగితే చెప్తానండి. ఆయన తరఫున మాత్రం చెప్పనండి."

రమణ ముఖం ఎర్రబడింది. "అంటే మేడమ్, సిస్టర్ కొన్ని ఇన్‌పుట్స్ ఇచ్చేరు..."

"టైపు చేసింది నేనండి." వెనక వరసలోంచి సత్యదుర్గ లేచి నిలబడింది. "మూడు నోటుబుక్కులండి. అన్నీ సిస్టర్ గారి చేతిరాతే. ఒక్క అక్షరం కూడా వేరేవాళ్లది లేదండి."

సూర్యావతి గారు కరదీపిక మూసేశారు. కుర్చీ విజయకుమారి వైపు తిప్పుకున్నారు. "అయితే మిమ్మల్నే అడుగుతున్నానండి. ఎనిమిది ఎందుకు?"

"ఎనిమిది తప్పండి" అంది విజయకుమారి. "అది రెండేళ్ల కిందటి సంఖ్య. చూసి ఎక్కించేసేరు. ఏటా జూన్‌లో లంకల్లో ఆశా వర్కర్లకి ఫోన్లు చేసి, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎవరికి నెలలు నిండుతాయో పేర్లు రాసుకుంటామండి. నీళ్లొచ్చేక పడవ మీద నొప్పులు పడకూడదు కదండీ. మొదటి హెచ్చరిక నాటికి పది రోజుల్లోపు కాన్పున్నవాళ్లందరికీ మంచం ఉండాలి. ఆ ఏడు ఎనిమిది మంది. ఈ ఏడు పదమూడు మందండి. ఎనిమిదే ఉంచితే అయిదుగురు ఆడవాళ్లు ఎక్కడ పడుకోవాలండి?" కరదీపిక వైపు చూపిస్తూ, "అందులో దుప్పట్ల పేజీ మాత్రం నాది కాదండి, అప్పాయమ్మది. అది నాకు ఆవిడే నేర్పింది" అంది.

ఒక ప్రొఫెసర్ పదమూడు అని రాసుకున్నాడు. సూర్యావతి గారు వెళ్లేముందు డాక్టరుగారితో అన్న మాట కారిడార్‌లో అందరికీ వినిపించింది. "మా ఫారంలో శిక్షణ ఇచ్చేవారి పేరు, హోదా, నియామక పత్రం అని మూడు గళ్లున్నాయండి. ఆ మూడూ నిజంగా నింపి పంపండి. అప్పుడు చూద్దాం."

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు విజయకుమారిని గదిలోకి పిలిచారు. కోప్పడలేదు. బాధపడ్డారు. దాంతో ఆమెకి ఇంకా చిరాకేసింది.

"బయటివాళ్ల ముందు అలా అనొచ్చామ్మా? మిమ్మల్ని నేనెప్పుడూ స్టాఫ్ అనుకోలేదు. ఇంట్లో మనిషి అనుకున్నాను."

"ఇంట్లో మనిషిగా ఇంట్లో చేస్తున్నానండి" అంది ఆమె. "ఇక్కడ ఉద్యోగానికి వచ్చేను. పిల్లలకి నేర్పే పని నాదైతే ఆ పని పేరు, దాని జీతం, దాని గంటలు కాగితం మీద ఇప్పించండి. అందాకా నా వార్డు నేను చూసుకుంటాను. నాలుగింటికి వెళ్లిపోతాను."

ఆయనేం చేశారో ఆమెకి సాయంత్రం ఇంటికెళ్లాక తెలిసింది. ఎలీషా అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"డాక్టరుగారు ఫోన్ చేసేరు" అన్నాడు. "పెద్దమనిషి, ఎంత మర్యాదగా మాట్లాడేరో. మేడమ్ గారికి కాస్త నచ్చజెప్పండి మాస్టారూ అన్నారు. నాకు తల తీసేసినట్టైంది. సోమవారం నుంచి మామూలుగానే పిల్లలకి నేర్పుతుందండీ, ఆ మేనేజరు గారికి సారీ అని కూడా ఓ మాట చెప్తుందండీ అని నేను మాటిచ్చేశాను."

విజయకుమారి చెప్పులు విప్పబోయి ఆగింది. తను చేసిన పని గురించి, తన గొంతు గురించి, ఇద్దరు మగవాళ్లు ఫోన్లో మాట్లాడుకుని తేల్చేసుకున్నారు. చేలో దూడ పడితే యజమానికి కబురుపెట్టినట్టు. ఇరవై మూడేళ్లు నౌకరీ చేసింది, వాళ్లకి మాట్లాడాల్సిన మనిషి మాత్రం ఈయన. గుమ్మంలోంచి అత్తగారు కూడా చూస్తున్నారు. విజయకుమారికి అరవాలనిపించలేదు. లోపల ఎప్పటినుంచో వణుకుతున్నదేదో ఒక్కసారిగా నిలబడింది.

"మాటిచ్చింది మీరు కదండీ" అంది మామూలు గొంతుతోనే. "సోమవారం మీరే వెళ్లి నేర్పండి."

ఆమె లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంది.

సోమవారం విజయకుమారి ఎనిమిదింటికి వెళ్లింది. మంచాలు పదమూడు సిద్ధం చేయించింది, అది వార్డు పని కాబట్టి. నాలుగింటికి బ్యాగు తీసుకుంది. విద్యార్థులు డైరీలు పట్టుకుని రమణ గది ముందు నిలబడ్డారు. అతను వాళ్లకి తెర మీద బొమ్మలు చూపించాడని, సత్యదుర్గ అడిగిన రెండో ప్రశ్నకి మీటింగుందని వెళ్లిపోయాడని అప్పాయమ్మ చెప్పింది.

గురువారం ఆఫీసు నుంచి కవరు వచ్చింది. లోపల ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, డాక్టరుగారి సంతకంతో, కె. విజయకుమారిని 'గౌరవ శిక్షణ సమన్వయకర్త'గా నియమించడమైనదని ఉంది. జీతం సంగతి లేదు, గంటల సంగతి లేదు. ఆమె రెండుసార్లు చదివింది. తెచ్చిన క్లర్కు, "కంగ్రాట్స్ మేడమ్" అన్నాడు.

విజయకుమారి కోటు జేబులోంచి పెన్ను తీసి 'గౌరవ' అన్న మాట మీద అడ్డంగా గీత గీసింది. కాగితం మడిచి అదే కవర్లో పెట్టి అతని చేతికిచ్చింది.

"ఆ ఒక్క మాట తీసేసి, దాని చోట జీతం ఎంతో వేయించి తెమ్మన్నానని చెప్పండి."

జీతం వేసిన రెండో కాగితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లోనూ ఒక్కరోజు కూడా ఆమె నాలుగు దాటి ఆసుపత్రిలో లేదు.